చాచా మాట దసరా దాక

మొన్న ఆదివారం పొద్దున నేను చనిపోయిన ఒక మనిషి చేత అబద్ధం చెప్పించాను.

నా పాత తెల్ల కారు కొనడానికి కేతేపల్లి నుంచి సైదులు వచ్చాడు. గొర్రెలు కాసే ఇంటివాడు. మందలో కొంత అమ్మి, కారు కొని, కిరాయికి తిప్పుకుందామని అతని ఆలోచన. నల్లగొండలో మా ఇంటి ముందు బండి చుట్టూ తిరిగాడు, టైర్లను కాలితో తట్టాడు, తలుపులు తీసి వేశాడు. మా వైపు పాత బండి కొనేవాళ్ళు నమ్మకమైన మెకానిక్‌ను వెంట తెచ్చుకుంటారు. సైదులు తెచ్చుకోలేదు. ఎందుకో నేను అడగకముందే తెలిసిపోయింది.

“నార్కట్‌పల్లి చాచా చూసిండట గద సారూ దీన్ని?”

“చూసిండు.”

“ఏమన్నడు?”

“ఇంజన్‌కు ఫికర్ లేదన్నడు.”

“ఎందాక అన్నడు?”

ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. చాచా దగ్గర బండి చూపించుకున్నవాళ్ళు మాత్రమే అడిగే ప్రశ్న అది. “దసరా దాక” అన్నాను. అతను ఇంకా నా మొహం వైపే చూస్తుంటే, “వచ్చే దసరా దాక” అన్నాను.

సైదులు ఆ తర్వాత బోనెట్ కూడా ఎత్తలేదు. బయానా కింద కొంత డబ్బు నా చేతిలో పెట్టి, మిగిలింది కాగితాలు రాసుకున్న నాడు ఇస్తానని చెప్పి, బండి తీసుకున్నాడు. గేటు దాటాక ఆపి, అద్దం దించి, “రేపు పొద్దుగాలనే మా చిన్నమ్మను హైదరాబాద్ కంటి దవాఖానకు తోల్కపోవాలె. మొదటి సవారి ఇంటి మనిషే” అని నవ్వాడు.

చాచా నా బండిని చూసిన మాట నిజం. ఫికర్ లేదన్న మాటా నిజం. అయితే అది పోయిన ఎండాకాలం ముచ్చట. ఆయన చెప్పిన దసరా పోయిన ఏటి దసరా. అది వచ్చింది, పోయింది. దాని వెనక చలికాలంలో చాచా కూడా పోయాడు.

ఆయన అసలు పేరు నేను ఎన్నడూ అడగలేదు. నార్కట్‌పల్లిలో పెద్దరోడ్డు మీది నుంచి నల్లగొండ దారి తిరిగేచోట ఆయన రేకుల షెడ్డు ఉండేది. దానికి బోర్డు లేదు. లారీ డ్రైవర్లు, గొర్రెల మనుషులు, బళ్ళో పంతుళ్ళు, అందరికీ ఆయన చాచానే. కళ్ళద్దాలకు ఒక కాడ విరిగిపోతే పాత క్లచ్ వైరు వంచి ఆ చోట పెట్టుకున్నాడు. అది గీరుకుని చెవి వెనక ఎప్పుడూ ఎర్రగా ఉండేది. కొత్తవి చేయించుకో చాచా అంటే, “కనబడుతాంది గద” అనేవాడు. బండి వచ్చి ఆగితే వెంటనే లేచేవాడు కాదు. సాసర్‌లో చాయ్ పూర్తయ్యేదాకా కూర్చుని, ఆ తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని, చెప్పాపెట్టకుండా దిగిన చుట్టాన్ని చూసినట్టు బండి వైపు చూసేవాడు. ఆ చూపులో కోపం ఉండేది కాదు. ఇంకొకటి వచ్చిందా అన్న అలసట ఉండేది.

గొప్ప మెకానిక్ అని నేననను. ఏసీ జోలికి పోయేవాడు కాదు. విప్పిన బోల్టులన్నీ తిరిగి ఎక్కేవి కావు. బిగించడం అయ్యాక రేకు డబ్బాలో ఒకటీ అరా మిగిలి కనిపించేవి. ఇవేంది చాచా అంటే, “కంపెనీవోడు ఎక్కువ పెట్టిండు” అనేవాడు. బండి ఎప్పుడిస్తావంటే రేపు. మర్నాడు పోతే మళ్ళీ రేపు. ఒకసారి ఒక డీసీఎం వ్యాన్ డ్రైవర్ విసిగిపోయి, షెడ్డు ముందు నేల మీద చతికిలబడి, “చాచా, నువ్వు చెప్పే రేపును నేను పుట్టినకాడికెల్లి చూడలే” అన్నాడు. చాచా స్పానర్ తుడుచుకుంటూ, “తొందరపడకు బేటా, రేపొస్తది” అన్నాడు.

కానీ ఆయన వినే తీరు వేరు. బోనెట్ ఎత్తకముందు బండిని నడిపించి వినాలనేవాడు. తాను తోలేవాడు కాదు, ఓనరే తోలాలి. చాచా చెప్పులు విడిచి, వెనక సీట్లో ఎడమ వైపు కూర్చుని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, నుదురు అద్దానికి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. ఓనరు తన బాధ చెప్పబోతే, “నోరు మూసి తోలు సారూ. నీ ముచ్చట ఇంటికాడ చెప్పుకో” అనేవాడు. ఇంకో మెకానిక్ ఏమన్నాడో చెప్పబోతే అరచేయి అడ్డం పెట్టేవాడు.

“వాడు చెప్పింది జర నీ జేబులనే ఉంచు. ముందుగాల నన్ను ఇననీ.”

విన్నాక చెప్పే మాటకు ఒక గడువు పెట్టేవాడు. ఆయన దగ్గర తప్ప ఇంకెక్కడా నేనిది చూడలేదు. బాగుందంటే ఎప్పటిదాకా బాగుంటుందో, చెడిందంటే ఎప్పటిదాకా లాక్కురావచ్చో కచ్చితంగా చెప్పేవాడు. తారీఖుల్లో కాదు, మనిషిని బట్టి వాళ్ళ పండుగలో చెప్పేవాడు. తనవాళ్ళకు రంజాన్ దాక. ఆడవాళ్ళు బండి తెస్తే బతుకమ్మ దాక. చెర్వుగట్టు చుట్టుపక్కలవాళ్ళకు గట్టు జాతర దాక. గొర్రెల మనుషులకు గొల్లగట్టు జాతర దాక. ఆ జాతర రెండేళ్ళకోసారి వస్తుంది కాబట్టి, తమ బండ్లకు చాచా ఎక్కువ ఆయుష్షు రాస్తాడని గొల్లలు మురిసిపోయేవాళ్ళు. గడువు దాటాక వచ్చి, అప్పుడు బాగుందన్నవు గద అని ఎవరైనా నిలదీస్తే, ఆయన ఏ మాత్రం జంకేవాడు కాదు.

“బాగుందన్న. ఎందాక అన్న?”

“పీర్ల పండుగ దాక.”

“పీర్లు లేసి పోయినయా లేదా?”

“పోయినయి.”

“నా మాట గుడ వాటెంబడి పోయింది.”

ఈ గడువులేమిటని ఒకసారి నేను ఎగతాళిగా అడిగాను. బెరుకు లేకుండా చెప్పాడు: “పాల ప్యాకెట్ మీద తారీఖు ఏస్తరు. జరం గోలి మీద ఏస్తరు. నా మాట గోలి కన్న గట్టిదా సారూ?”

నేను విత్తనాల కంపెనీ తరఫున ఊళ్ళు తిరిగే మనిషిని. మొలక బాగా వస్తుంది, కాపు బాగా వస్తుంది అని రోజూ ఎవరో ఒకరికి చెబుతుంటాను. ఎప్పటి మాట, ఎంతవరకు చెల్లుతుంది అని ఏనాడూ చెప్పలేదు. ఆ రోజు చాచా జవాబు నాకు నవ్వులాటగానే అనిపించింది. నల్లగొండ పోయాక ఇద్దరు ముగ్గురికి చెప్పి నవ్వించాను కూడా.

ఆయనను నేను సరిగా చూసింది ఒక మోత వల్ల.

కారు కొన్న కొత్తలో, వేగం అందుకుంటే ముందు చక్రాల దగ్గర గుర్రుమని మోత వచ్చేది. చాచా వెనక సీట్లో కూర్చుని విని, చక్రం బేరింగ్ పోయిందన్నాడు. నల్లగొండలో కొత్తగా షెడ్డు పెట్టిన ఒక పిల్లవాడు, కంప్యూటర్ పెట్టుకుని పనిచేసేవాడు, బేరింగ్‌కు ఏమీ కాలేదని, టైర్లు ఒక పక్క అరిగి ఆ మోత వస్తోందని అన్నాడు. నాకు ఇద్దరి మధ్య తిరగడంతోనే నీరసం వచ్చింది. చాచా పెద్దవాడు కదా అని బేరింగ్ మార్పించాను. మోత పోలేదు. ఆ మాట చెబితే చాచా ముందు టైర్లు తీసి వెనక్కి, వెనకవి ముందుకు వేసి, మళ్ళీ వెనక సీట్లో కూర్చున్నాడు. రోడ్డెక్కగానే మోత ఆయన కాళ్ళ కిందికి వచ్చింది. ఆయన కళ్ళు తెరిచాడు.

“ఆ పిలగాని షెడ్డుకు పట్టు.”

నల్లగొండ దాకా నుదురు అద్దానికి ఆనించే ఉంచాడు. షెడ్డులో ఆ పిల్లవాడు ఎవరి బండి కిందో పడుకుని ఉంటే, చాచా వంగి అతని కాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

“టైర్లన్నవట.”

“ఎవలూ? చాచానా? అవు, టైర్లనే అన్న.”

“టైర్లే.”

అంతే. తిరిగి వచ్చి బండెక్కాడు. ఇల్లు చేరవేయమంటాడనుకున్నాను. “హుజూర్‌నగర్ పోదాం సారూ” అన్నాడు. అక్కడ ఒక టీచరమ్మకు ఇలాంటి కారే ఉందట. అదే మోతట. ఆమెకూ బేరింగ్ మార్చమని, బతుకమ్మ దాకా ఆగొచ్చని చెప్పాడట. బయట ఎండ నిప్పులు కురిపిస్తోంది. నాకు ఇంటికి పోయి పడుకోవాలని ఉంది.

“ఫోన్ చేస్తే అయిపోతది గద చాచా.”

“చెప్పినప్పుడు ఎదురుంగ నిలబడి చెప్పిన. తప్పయిందని చెప్పనీకి ఫోనా?”

“బతుకమ్మకు ఇంకా శానా దినాలుంది గద.”

“అదే సారూ. నా మాట ఆడ ఇంకా నడుస్తాంది. పోయి ఆపి రావాలె.”

టీచరమ్మ తలుపు తీసి ఆయనను చూసి కంగారుపడింది. ఎవరికో ఏదో అయిందనుకుంది. చాచా గడప అవతలే నిలబడి, “అమ్మా, నేను చెప్పింది తప్పు. బేరింగ్ మార్చకు. టైర్లు ముందుయి ఎనకకు ఏపించి చూడు” అన్నాడు. దీనికోసం ఇంత ఎండలో వచ్చారా అని ఆమె నవ్వి, కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. వచ్చే వారం మార్పిద్దామనుకున్నానని, ఒక మెకానిక్ ఒకటంటే ఇంకొకరు ఇంకొకటంటారని, ఎవరిని నమ్మాలో తెలియక పెద్దాయన మాట పట్టుకున్నానని చెప్పింది. చాచా గ్లాసు కింద పెట్టి, “అందరివీ ఇను. తప్పయితే తప్పని తిరిగి ఎవడొస్తడో చూసుకో” అన్నాడు. ఆ మాటలో కొంత డాంబికం ఉందని నాకు అప్పుడే అనిపించింది. ఆయనకూ అనిపించిందేమో, వెంటనే లేచాడు.

తిరుగు దారిలో నోరు తెరుచుకుని నిద్రపోయాడు. మిర్యాలగూడ దాటాక లేచి, చెవిలో చిటికెన వేలు పెట్టి తిప్పుకుంటూ, “చెవులు ముసల్వి అయితున్నయి సారూ” అన్నాడు. ఆ వేలు నాకు చూపించి, “ఎవలకన్న చెప్పినవంటే నీ బండికి బిరేకులు పీకుత” అన్నాడు.

నేను చెప్పలేదు. ఆ ఒక్క మాట మాత్రం నిలబెట్టుకున్నాను.

పోయిన ఎండాకాలం ఆయన చివరిసారి నా బండి విన్నాడు. అప్పటికే చిక్కిపోయాడు. సీట్లోకి ఎక్కడానికి తలుపు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. చెర్వుగట్టు దాకా పోయి వచ్చాం. “ఇంజన్‌కు ఫికర్ లేదు. దసరా దాక నడుపు. దసరా అయినంక మళ్ళ తీసుకరా” అన్నాడు. దసరా అయ్యాక ఆ దారిలో చాలాసార్లు పోయాను. షెడ్డు సగం మూసి ఉండేది. లోపల మంచం మీద ఆయన పడుకుని ఉండటం రోడ్డు మీంచే కనబడేది. ఆగితే పూట గడిచిపోతుంది, ముచ్చట పెడతాడు, వచ్చేటప్పుడు ఆగుదాంలే అనుకునేవాడిని. వచ్చేటప్పుడు ఇల్లు చేరాలన్న తొందర. ఆయన పోయిన నాడు కూడా నేను అటే పోతున్నాను. షెడ్డు ముందు టోపీలు పెట్టుకున్న మనుషులు చాలామంది ఉన్నారు. నాకు మీటింగుకు టైమవుతోంది. వేగం తగ్గించి చూశాను. తగ్గించినంత మాత్రాన ఆగినట్టు కాదని నాకు తెలుసు.

ఈ ఎండాకాలం బండి వేడెక్కడం మొదలైంది. కొంత దూరం పోయేసరికి వేడి చూపే ముల్లు ఎర్ర గీత వైపు జరిగేది, నీళ్ళు తగ్గిపోయేవి. నల్లగొండ పిల్లవాడు కంప్యూటర్ తగిలించి చూసి, హెడ్ గ్యాస్కెట్ పోతోందన్నాడు. ఇంజన్ పై భాగానికి, కింది భాగానికి మధ్య ఉండే పలుచని రేకు అది. ఇంజన్ విప్పాల్సిందేనని, విప్పకుండా దూరం పోతే మొత్తం పోతుందని చెప్పాడు. పెద్దరోడ్డు మీది ఇంకో మెకానిక్, గ్యాస్కెట్ అన్నవాడు డబ్బు కోసం అన్నాడని, రేడియేటర్ పూడుకుపోయింది, కడిగితే చాలని అన్నాడు. మళ్ళీ మొదటివాడి దగ్గరికి పోతే, “గట్లయితే కడిగించుకో సార్, రోడ్డు మీద ఆగినంక నాకే ఫోన్ చేస్తవు” అన్నాడు. మళ్ళీ రెండోవాడి దగ్గరికి పోతే, “వాని కంప్యూటర్‌ను వాన్నే నడుపుకొమ్మను” అన్నాడు. ఒకరి మాట ఒకరికి మోసి మోసి నాకు విసుగొచ్చింది. చాచా ఉంటే అరచేయి అడ్డం పెట్టేవాడు. ఆయన లేడు. నేను కడిగించనూ లేదు, విప్పించనూ లేదు. అమ్మేద్దామనుకున్నాను. ముగ్గురు మూడు మాటలన్నారు. అందులో నాకు పనికొచ్చే మాట చనిపోయిన మనిషిది. అది పట్టుకున్నాను.

సైదులు వెళ్ళాక మా ఆవిడ, “ఏం చెప్పినవ్ ఆయనకు, గంత మురుసుకుంట పోయిండు?” అంది. బయానా లోపల పెట్టి వస్తానని లేచి పోయాను. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాను గానీ, కళ్ళ ముందు రేపటి పొద్దుటి రోడ్డు కనబడుతోంది. ఈ ఎండలో, హైదరాబాద్ దాకా, కళ్ళు సరిగా కనబడని ముసలమ్మ వెనక సీట్లో. ముల్లు ఎర్ర గీత మీదికి పోతుంటే సైదులు భయపడడు. చాచా దసరా దాకా అన్నాడని తోలుతూనే ఉంటాడు. ఇంజన్ పట్టేసేదాకా తోలుతాడు. గొర్రెలు తిరిగి రావు. ఫోన్ తీశాను. అతని నంబరు నొక్కి, మోగకముందే పెట్టేశాను. తప్పయిందని చెప్పనీకి ఫోనా?

నకిరేకల్‌లో బస్సు మారి కేతేపల్లి చేరేసరికి పొద్దు వాలింది. సైదులు ఇంటి ముందు కారు కొత్త పెళ్ళికూతురిలా ఉంది. బోనెట్‌కు పసుపు, కుంకుమ. ముందు నిమ్మకాయలు కట్టారు. చిన్నమ్మ అరుగు మీద కూర్చుని, ముందు సీట్లో కూర్చోవాలా వెనక సీట్లోనా అని కోడలితో వాదిస్తోంది. నన్ను చూసి సైదులు ఎదురొచ్చాడు.

“గిప్పుడే కాగితాలు తెచ్చిన్రా సారూ? నేనే వస్త అంటిని గద.”

“కాగితాలు కాదు సైదులూ. రేపు బండి తియ్యకు.”

నిలబడే చెప్పాను. చాచా చెప్పింది పోయిన దసరా దాకనేనని, ఆ గడువు ఎప్పుడో అయిపోయిందని, వచ్చే దసరా అన్నది నా నోటి మాటని చెప్పాను. ఇద్దరు మెకానిక్‌లు ఏమేమన్నారో ఒకటీ దాచకుండా చెప్పాను. అతని నవ్వు మొహం మీద అలాగే కొంచెంసేపు ఉండి, తర్వాత పోయింది.

“ఇద్దర్ల ఎవలది నిజం?”

“నాకు తెల్వదు.”

“బండికి పసుపు పెట్టినం సారూ.”

“చూసిన.”

“నన్ను మోసం జేస్తె చేస్తిరి. పాత బండి, అమ్మెటోడు ఏదో ఒకటి అంటడు.” అతని గొంతు పెరగలేదు. “ఆయన పేరెందుకు చెప్పిన్రు? చాచా పోయిన్నాడు నేను మట్టేసి వచ్చిన.”

బయానా కోసం జేబులో చేయి పెట్టాను. అరుగు మీంచి చిన్నమ్మ అడిగింది: “ఏందిరా, బండి ఖరాబయ్యిందా?”

“అవునే చిన్నమ్మా.”

“మంచిగైంది. గీ పిల్ల నన్ను ఎనక కూసోమంటాంది. బస్సుల పోదాం తియ్యి, ముందు సీటు దొరుకుతది.”

కోడలు నవ్వింది. సైదులు నవ్వలేదు. బయానా తీసి అతని చేతిలో పెట్టబోతే తీసుకోకుండా, “ఇంకో పని గుడ ఉంది సారూ” అన్నాడు. “పొద్దున బండి తెచ్చి హోటల్ ముంగట ఆపిన. చాచా దసరా దాక మాటిచ్చిన బండని ఊరందరికి చెప్పిన. రేపు అది రోడ్డు మీద ఆగితె, చాచాకు ఏం తెల్వదంటరు.”

నా అబద్ధం అక్కడ కూడా నడుస్తోందన్నమాట. పోయి ఆపి రావాలి.

ఇద్దరం హోటల్ దాకా నడిచాం. బెంచీల మీద సాయంత్రం చాయ్‌కి వచ్చినవాళ్ళు ఉన్నారు. ఒకాయన సైదులును చూసి, “ఏం సేటూ, బండేది? నడుసుకుంట వస్తున్నవు” అన్నాడు. పదిమంది ముందు విత్తనాల గురించి మాట్లాడటం నాకు అలవాటే, ఇది అలవాటు లేదు. “ఆ బండి నాది. చాచా మాటిచ్చిండని నేను సైదులుకు చెప్పింది అబద్ధం. చాచా మాట పోయిన దసరాకే అయిపోయింది. మళ్ళ చూపియ్యమన్నడు, నేను చూపియ్యలే” అన్నాను.

మూల కూర్చున్న ముసలాయన బీడీ ఆర్పి, “నేననుకున్న” అన్నాడు. “గొర్రెలోనికి చాచా దసరా దాక ఎందుకంటడు? గొల్లగట్టు దాక అంటడు గని.”

అందరూ నవ్వారు. సైదులు కూడా, తల తిప్పుకుని. చాచా చూసినప్పుడు అది సైదులు బండి కాదు, నాది కదా తాతా అని నేను చెప్పబోయి ఊరుకున్నాను. ఆ ముసలాయనకు దొరికిన ఆధారం తప్పే, అయినా చాచా పక్షాన ఉంది.

బండి తిరిగి నేనే తోలుకొచ్చాను. ముల్లు పైకి పోయినప్పుడల్లా రోడ్డు పక్కన ఆపి, బోనెట్ ఎత్తి, చల్లబడేదాకా మైలురాయి మీద కూర్చున్నాను. పసుపు చేతులకు అంటింది. మర్నాడు నల్లగొండ షెడ్డులో ఇంజన్ విప్పించాను. సైదులును పిలిచాను, వచ్చి పక్కన నిలబడ్డాడు. గ్యాస్కెట్ ఒక అంచున కాలడం మొదలైంది. రేడియేటర్ కూడా సగం పూడుకుపోయి ఉంది. పెద్దరోడ్డు మెకానిక్ మాట కూడా నిజమేనని ఆ పిల్లవాడు అనలేదు, నేను అడగలేదు. రెండూ బాగు చేయమన్నాను, ఖర్చు నాదే అన్నాను.

పని అయ్యాక సైదులును తోలమని, నేను చెప్పులు విడిచి వెనక ఎడమ సీట్లో కూర్చున్నాను. నుదురు అద్దానికి ఆనించాను. నాకేమీ వినబడలేదు. బండి మోత, రోడ్డు మోత, అంతే. వినడం రాని చెవులు నావి. కానీ ముల్లు కదలలేదు, దాన్ని మాత్రం చూస్తూ కూర్చున్నాను. నార్కట్‌పల్లి మూల మీద ఆ రేకుల షెడ్డు దగ్గర సైదులు తనంతట తానే ఆపాడు. తలుపుకు తాళం వేసి ఉంది. దిగలేదు ఇద్దరం.

“ఇప్పుడు తీసుకుంట సారూ” అన్నాడు అద్దంలోంచి నన్ను చూస్తూ. “మరి ఎందాక?”

మెకానిక్ ఏమన్నాడో చెప్పబోయాను. సైదులు స్టీరింగ్ మీంచి చేయి తీసి అడ్డం పెట్టాడు.

“ఆ పిలగాని మాట నేను గుడ ఇన్న. మీ మాట ఎందాక?”

“దసరా దాక” అన్నాను. “అందాక ఇంజన్‌కు ఏమన్నా అయితే నేను చేయిస్త. దసరా అయినంక కేతేపల్లి నేనే వస్త, బండి చూపిద్దాం.”

“ఏ దసరా?”

“వచ్చే దసరా.”

సైదులు తలూపి బండి ముందుకు తీశాడు. బస్టాండు దగ్గర నన్ను దింపి, కేతేపల్లి వైపు తిప్పుకున్నాడు. బోనెట్ మీద పసుపు కడిగేసినా అంచుల్లో ఇంకా ఉంది.